ఒంటిపూట బడి ఇడిసినాక పిలకాయల్ని చూసేదెవురు?

మార్చి నెల నడిమికి వచ్చిందంటే వాకాడు పక్క ఇళ్ళల్లో ఒక లెక్క మొదలవుతాది. బడి పన్నెండున్నరకే ఇడుస్తారు. పనికి పోయిన అమ్మ ఇంటికొచ్చేది అయిదుకో ఆరుకో. నడిమిన ఆ అయిదు గంటలు పిలకాయలు యాడుంటారు, ఏం తాగుతారు, ఎవురు చూస్తా ఉంటారు? వినేదానికి చిన్న సంగతే. కానీ ఎండ, నీళ్ళు, రోగం మూడూ చిన్న బిడ్డల మీదికి వచ్చేది ఆ అయిదు గంటల్లోనే. దీన్ని ఆడోళ్ళు పొయ్యి కాడ తేల్చుకోవాల్సిన ఇంటి సంగతి అని ఇడిసిపెడతా ఉండాం. ఇది ఊరి సంగతి. ఎందుకో చూద్దాం.

కోతలూ ఒంటిపూట బడీ ఒకేసారి ఎందుకొస్తాయి

2022 ఏప్రిల్ 4 నుంచి మనం తిరుపతి జిల్లా. అయినా యాడికన్నా పోయి ‘ఏ ఊరు’ అంటే ఇప్పటికీ ‘నెల్లూరు పక్క’ అనే చెప్తాం. జిల్లా మారినా వాన మారలా. రాష్ట్రంలో చానా చోట్ల జూన్ నుంచి వచ్చే నైరుతి వానలతో సేద్యం నడుస్తాది. మనకు సగానికంటే ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే పడేది. చెరువులు నిండేది అప్పుడే. తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా దిగొచ్చే స్వర్ణముఖిలో నీళ్ళు పారేదీ, వాకాడు బ్యారేజీ కాడ నిలబడేదీ అప్పుడే.

అందుకని మన పెద్ద పంట వానల్లో నాటి మార్చి, ఏప్రిల్లో కోసేది. వేరే పక్క సంక్రాంతికి గాదెలు నిండితే, మనకు ఉగాది నాటికి కోతల సందడి. యాపపూత, కొత్త చింతపండు, పచ్చి మామిడి వచ్చే రోజులూ, వరికోత మిషన్లు రోడ్డెక్కే రోజులూ ఒకటే. వడ్లు ఆరబోసేది, తూర్పారబట్టేది, మూటలు కట్టేది అప్పుడే. ఇసక నేలల్లో వేరుశనగ పీకేది, గూడూరు పక్క నిమ్మతోటల్లో కాయ కోసేది, రొయ్యల గుంటల పనులూ వీటికి తోడు. పని దొరికే రోజుల్లో కూలి ఇడుచుకుంటే తర్వాత నెలలు గడవవు. అమ్మ ఇంట్లో కూర్చునేదానికి కుదరని రోజులు ఇవి.

సరిగ్గా అప్పుడే రాష్ట్రమంతా ఒంటిపూట బడి మొదలవుతాది. మామూలుగా మార్చి నడిమి నుంచి పొద్దన ఏడుముక్కాలుకి పెట్టి పన్నెండున్నరకి ఇడుస్తారు. ఏప్రిల్ ఆఖర్లో ఎండాకాలం సెలవలు. ఎండలో బిడ్డల్ని రేకుల గదుల్లో కూర్చోబెట్టకూడదని చేసిన ఏర్పాటు అది, మంచిదే. బడిలోనే అన్నం, గుడ్డు పెట్టి పంపిస్తారు, అదీ మంచిదే. కానీ బడి ఇడిసేది నడినెత్తిన పొద్దుండంగ. బిడ్డ ఇంటికి పోతే ఇంట్లో మనిషి ఉండాలగదా. ఆ మనిషి చేలో ఉండాది. ప్రభుత్వం ఎండను చూసి బడి టైము మార్చింది. చేలో పని టైము ఎవురు మారుస్తారు?

ముందు రోజుల్లో ఈ సందును అవ్వలు పూడ్చినారు. ముగ్గురు కోడళ్ళు చేలోకి పోతే ఒక అవ్వ అరుగు మీద కూర్చుని ఏడుమంది పిలకాయల్ని కనిపెట్టుకునేది. ఇప్పుడు ఇల్లు వేరు, కాపురం వేరు. అవ్వకు ఒళ్ళు బాగుంటే ఆమె కూడా పనికి పోతాది. వయసు కోడళ్ళు కొందరు తెల్లారకముందే శ్రీసిటీ పక్క కంపెనీల బస్సు ఎక్కుతా ఉండారు. మిగిలేదెవురు? తొమ్మిదేళ్ళ అక్క. రెండేళ్ళ తమ్ముడ్ని చంకన ఎత్తుకుని, నాలుగేళ్ళ చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తిరిగే పాపను మన ఊళ్ళో చూడనోళ్ళు లేరు. ‘బంగారు తల్లి, ఇల్లంతా తనే చూసుకుంటాది’ అని మెచ్చుకుంటాం. ఆ పాపను చూసుకోవాల్సిన వయసు కూడా అదే అని మర్చిపోతాం.

మన ఎండ వేరే మాదిరి ఎండ

‘రాయలసీమలో 43 డిగ్రీలంట, మనకు 38 యే గదా’ అనే మాట వింటా ఉంటాం. ఆ పోలిక సరికాదు. వాతావరణ శాఖ లెక్కలోనే ఈ తేడా ఉండాది. మైదానాల్లో వేడి 40 డిగ్రీలకు చేరితేనే వడగాలి సంగతి చూస్తారు. సముద్రం పక్కన 37 కే చూస్తారు, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాలి అని చెప్పేస్తారు. కారణం చెమట. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. మనకు గాలిలో తేమ ఎక్కువ, చెమట కారతాదే గాని ఆరదు. లోపలి వేడి లోపలే ఉండిపోతాది.

మనల్ని కాపాడేది సముద్రం గాలి. నేల కాగినాక, దాని కంటే చల్లగా ఉండే సముద్రం మీద నుంచి గాలి ఒడ్డుకు తోస్తాది. తూపిలిపాలెం, కొండూరుపాళెం వైపు అది తగలంగానే ప్రాణం లేచొచ్చినట్టుంటాది. అయితే పడమటి గాలి గట్టిగా కొట్టే రోజున ఈ సముద్రం గాలి పొద్దు వాలిందాకా లోపలికి రాలేదు. ఆ రోజు మద్దేన్నమే మోసం చేసే మద్దేన్నం. పన్నెండు దాటినా చెట్టు ఆకు పడమటి గాలికే ఊగతా ఉంటే ఆరోజు బిడ్డల్ని బైటికి పోనీబాకండి.

చిన్న బిడ్డ ఒళ్ళు పెద్దోళ్ళ ఒళ్ళు మాదిరి కాదు. బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, అందుకని బైటి వేడిని తొందరగా పీల్చుకుంటాది. చెమట తక్కువ. పైగా దాహమైతే రెండేళ్ళోడు చెంబు ముంచుకుని తాగలేడు, ఆటలో పడితే అయిదేళ్ళోడికి దాహమే గుర్తుండదు. ఇచ్చే మనిషి ఒకరుండాల.

గుర్తు పెట్టుకోవాల్సినవి నాలుగు:

ఒకటి, ఆరు నెలల లోపు బిడ్డకు ఎండాకాలమైనా సరే అమ్మ పాలే. నీళ్ళు పొయ్యకూడదు. పాలల్లోనే కావాల్సినంత నీళ్ళుంటాయి. బిడ్డకు మాటిమాటికీ పాలియ్యాల, తల్లి నిండా నీళ్ళు తాగాల. అంటే పాలు తాగే బిడ్డ తల్లికి పని కాడ నీడా, పాలిచ్చేదానికి టైమూ ఉండాల. పెద్దోళ్ళు ‘నోరు ఎండిపోతాది, రెండు చుక్కలు పొయ్యి’ అంటారు. వాళ్ళది ప్రేమే. కానీ ఆ నీళ్ళతో విరోచనాలు వస్తాయి, కడుపు నిండి పాలు తాగేది తగ్గిపోతాది.

రెండు, ఆరు నెలలు దాటినోళ్ళకు మజ్జిగ, రాగి అంబలి, గంజి, సీజన్లో తాటి ముంజలు. ఇవన్నీ మన ఇంట్లో ఉండేవే. పొద్దన కలిపిన అన్నం మద్దేన్నానికి పులిసి వాసనొస్తే మాత్రం పెట్టబాకండి. ముంజలు చిన్నోళ్ళకు చిదిమి పెట్టాల, ముక్క గొంతుకు అడ్డం పడతాది.

మూడు, విరోచనాలు, వాంతులు పట్టుకుంటే ఓఆర్‌ఎస్. ప్యాకెట్టు మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్ళల్లోనే మొత్తం కలపాల, గ్లాసులో సగం ప్యాకెట్టు అని అందాజుగా కాదు. 24 గంటలు దాటితే పారబోయాల. ప్యాకెట్టు లేకపోతే లీటరు మంచినీళ్ళకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, గీసి కొలిచి. ఆశా కార్యకర్త కాడ ప్యాకెట్టుతో పాటు జింకు మాత్రలు కూడా అడగండి, విరోచనాలు ఆగినా 14 రోజులు వెయ్యాల. అంగట్లో డబ్బాల్లో అమ్మే తియ్య నీళ్ళు ఓఆర్‌ఎస్ కాదు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఎనిమిదేళ్ళు కొట్లాడినారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, ఆ లెక్కకు రాని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆర్డరేసింది. అందుకని డబ్బా కొనే ముందు పేరు చదవండి.

నాలుగు, బిడ్డ ఒళ్ళు కాలిపోతా, మత్తుగా, పిచ్చిగా మాట్లాడతా ఉన్నా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. జొరం మాత్ర దానికి పనిచెయ్యదు. నీడకు తీసకపోయి, గుడ్డలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, విసరతా 108కి ఫోన్ చెయ్యాల. తెలివి లేని బిడ్డ నోట్లో నీళ్ళు పోయకూడదు.

దొరువు, గుంట, కాలవ

మన ఊళ్ళ పేర్లల్లోనే దొరువు ఉండాది. ఇసక నేలలో తవ్వుకునే నీళ్ళ గుంట అది. మొక్కలకు నీళ్ళు తోడేదానికి అమ్మానాయనలు కుండలతో అందులోకి దిగేది. ఇప్పుడు దొరువులకు తోడు రొయ్యల గుంటలు వచ్చినాయి, స్వర్ణముఖిలో ఇసక ఎత్తిన గుంతలుండాయి, బకింగ్‌హాం కాలవ ఉండాది, ఆ పక్కనే సముద్రం. ఎండ పేలిపోతా ఉంటే పిలకాయలు ఇంకెక్కడికి పోతారు?

నీళ్ళల్లో పడిన బిడ్డ అరుస్తాడు, చేతులు కొడతాడు, మనకు వినపడతాది అనుకుంటాం. సినిమాల్లో అట్టుంటాది. నిజంగా మునిగే బిడ్డ అరవలేడు, ఎందుకంటే నోరు నీళ్ళల్లో ఉండాది. రెండు మూడు నిమిషాల్లో, చప్పుడు లేకుండా అయిపోతాది. రెండేళ్ళోడికి దొరువే అక్కర్లా, తొట్టి చాలు, సగం నీళ్ళున్న బక్కెట చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో దాదాపు 3 లక్షల మంది నీళ్ళల్లో మునిగి చనిపోతే, వాళ్ళల్లో నాలుగో వంతు అయిదేళ్ళ లోపు బిడ్డలు.

రొయ్యల గుంట ఇంకా ప్రమాదం. గట్టు నిటారుగా ఉంటాది. గట్టు మీద ప్లాస్టిక్ పట్టా పరిచిన చోట కాలు జారితే పట్టుకునేదానికి పట్టు దొరకదు, పెద్దోళ్ళే ఎక్కలేరు. గుంటలు తవ్వినోళ్ళు చుట్టూ వల కట్టేది పీతలు, పక్షులు రాకుండా. బిడ్డలు రాకుండా కూడా కట్టాలగదా. గట్టు నుంచి లోపలికి ముళ్ళేసిన తాడు ఒకటి వేలాడదీస్తే పడినోడు పట్టుకుని ఎక్కుతాడు. తాడుకు ఎంత ఖర్చు?

ఎవురన్నా పడితే దూకబాకండి. ఈత సరిగ్గా రానోడు దూకితే ఒకరికి ఇద్దరు పోతారు. కట్టె చాపండి, చీర ఇసరండి, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను ఇసరండి, తేలతాది. బైటికి తీసినాక తలకిందులుగా తిప్పేది, కడుపు నొక్కేది వద్దు. ఊపిరి లేకపోతే వెంటనే నోట్లో నోరు పెట్టి ఊదాల, రొమ్ము నడిమిన నొక్కతా ఉండాల, ఒకరు 108కి ఫోన్ చెయ్యాల. ఆస్పత్రికి బండి మీద ఏసుకుని పరిగెత్తే ముందు ఈ పని జరగాల. ఊపిరి ఆగినాక పోయే ప్రతి నిమిషమూ లెక్కే.

అమ్మ పోసిన ఇంట్లో

ఈ నెలల్లో ఆటలమ్మ కూడా తిరగతా ఉంటాది. గడపకు యాపమండ కడతారు, బిడ్డను వేరే చాప మీద పండబెడతారు, కొత్త మనుషుల్ని లోపలికి రానీరు. ఈ పద్ధతిలో మంచి ఉండాది, ఎందుకంటే పొక్కులు రాకముందు ఒకటి రెండు రోజుల నుంచి, అన్నీ మాడి పొక్కు కట్టిందాకా ఇది పక్కోళ్ళకు అంటుకుంటాది. అంతవరకూ బడికీ అంగన్‌వాడీకీ పంపకూడదు. కడుపుతో ఉన్న ఆడబిడ్డలు, చంటి బిడ్డలు దూరంగా ఉండాల. కానీ స్నానం చేయించకూడదు అనేది, ఉప్పూ కారం లేకుండా చప్పిడి కూడే పెట్టాల అనేది అవసరం లేదు. గోళ్ళు కత్తిరించి, శుభ్రంగా తుడిచి, తినగలిగింది పెట్టాల. జొరానికి ఆస్పిరిన్ మాత్రం ఎట్టి పరిస్థితిలో ఇయ్యకూడదు, బిడ్డలకు అది మెదడుకూ కాలేయానికీ చెడ్డ చేస్తాది. జొరం దిగకున్నా, దగ్గు ఆయాసం వచ్చినా, పొక్కులు చీము పట్టినా డాక్టరు కాడికి పోవాల.

ఇక్కడ కూడా లెక్క అదే. ఒక బిడ్డకు అమ్మ పోస్తే వారం పదిరోజులు ఒక మనిషి ఇంట్లో ఉండాల. అన్నా చెల్లీ ఉన్న ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వస్తాది, ఎందుకంటే అంటుకున్నాక బైటపడేదానికి 10 నుంచి 21 రోజులు పడతాది. అంటే నెల కూలి పోయినట్టే. ఎవురి కూలి? ప్రతి ఇంట్లో జవాబు ఒకటే, అమ్మది.

చూసేదెవురు అంటే

ముందు ఇంట్లో మగోళ్ళ సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన సముద్రంలో ఇంజన్ బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆపుతారు. దానికి 2025 నుంచి ప్రభుత్వం ఒక్కో మత్స్యకార కుటుంబానికి 20 వేల రూపాయలు ఇస్తా ఉండాది. పాళేల్లో నాయన ఆ రెండు నెలలు ఒడ్డునే ఉంటాడు, వలలు బాగుచేసుకుంటా, ఇంజన్ పని చూసుకుంటా. అమ్మ మాత్రం ఏదో ఒక కూలికి పోతానే ఉంటాది. అప్పుడు కూడా బిడ్డను చూసేది తొమ్మిదేళ్ళ అక్క అయితే, అది టైము లేక కాదు, అలవాటు లేక. వల అల్లే చేతికి బిడ్డకు బువ్వ కలిపి పెట్టేది రాదా?

రెండోది ఊరు. 1975లో మొదలైన అంగన్‌వాడీలు ప్రతి ఊళ్ళో ఉండాయి. కానీ ఎండాకాలంలో వాటికీ ఒంటిపూటే పెడతారు. కేంద్ర ప్రభుత్వం ‘పాల్నా’ అని ఒక పథకం పెట్టింది, అంగన్‌వాడీతో కలిపి శిశు సంరక్షణ కేంద్రం నడిపేది. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ లోపు బిడ్డల్ని రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు చూసుకోవాలని దాని రూలు. మన మండలంలో ఏ ఊరికి అది కావాలో గ్రామసభలో తీర్మానం రాసి పంపించాల్సింది మనమే. అడగని ఊరికి ఎవురూ తెచ్చి పెట్టరు.

2005 ఉపాధి హామీ చట్టంలో ఒక మాట ఉండింది. పని కాడికి ఆరేళ్ళ లోపు బిడ్డలు అయిదుగురు, అంతకంటే ఎక్కువ మంది వస్తే, ఆడోళ్ళల్లో ఒకరిని వాళ్ళను చూసేదానికే పెట్టాల, ఆమెకూ అందరితో సమానంగా కూలి ఇయ్యాల. బిడ్డను చూసేది కూడా కూలి ఇయ్యాల్సిన పనే అని చట్టమే ఒప్పుకున్న మాట అది. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చినారు. కొత్త పనుల కాడ కూడా నీడ, నీళ్ళు, బిడ్డల్ని చూసే మనిషి ఉండాలని పట్టుబట్టాల. ఆ మాటే కోతల కాడికీ, నిమ్మతోటకూ తేవచ్చు. పదిమంది ఆడోళ్ళు ముఠాగా పోతే అందులో ఒకరు బిడ్డల కాడ ఉండి, కూలి పదిమందీ సమానంగా పంచుకుంటే చాలు.

ఇది జరగని పనేం కాదు. మన మాదిరే ఇంటి చుట్టూ నీళ్ళుండే బంగ్లాదేశ్ పల్లెల్లో బిడ్డలు ఎక్కువగా మునిగేది పొద్దన తొమ్మిది నుంచి ఒంటిగంట లోపల, అమ్మలు పనిలో ఉన్నప్పుడు అని గమనించినారు. ఆ టైములోనే నడిచేటట్టు ‘ఆంచల్’ అని చిన్న కేంద్రాలు పెట్టినారు. ఆంచల్ అంటే చీర కొంగు. ఊళ్ళో ఒక ఆడమనిషి, ఒక ఇల్లు, ఇరవై పాతికమంది బిడ్డలు, అంతే. ఆ బిడ్డల్లో మునిగి చనిపోయేది బాగా తగ్గింది. వాళ్ళు పెద్ద బిల్డింగులు కట్టలా. ఏ టైములో కన్ను తప్పతా ఉందో కనుక్కుని ఆ టైముకు ఒక మనిషిని పెట్టినారు. మనకు ఆ టైము ముందే తెలుసు, పన్నెండున్నర నుంచి అయిదు.

మూడోది, ఫోన్లో ఇది చదవతా ఉండే మీరు. డిగ్రీ చదివేవాళ్ళు, పరీక్షలు అయిపోయి ఇంటికొచ్చినోళ్ళు, వీధికి ఇద్దరు ముగ్గురన్నా ఉంటారు. మద్దేన్నం బడి వరండానో, గుడి మంటపమో, చింతచెట్టు నీడో పంచాయతీని అడిగి పెట్టుకోండి. రోజుకు ఇద్దరు వంతు. కుండలో నీళ్ళు, గ్లాసు, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, కథల పుస్తకాలు, ఒక చాప. పేర్లు రాసి తీసుకోండి, అమ్మానాయనలు వచ్చినాక అప్పజెప్పండి. ఇద్దరిలో ఒక ఆడబిడ్డ ఉండేటట్టు, తలుపులు తెరిచి నలుగురికీ కనపడేటట్టు నడపండి. ఆరేళ్ళు దాటినోళ్ళకు పొద్దన చల్లటేళ, ఈత బాగా వచ్చిన పెద్దోళ్ళు నీళ్ళల్లో నిలబడి, నడుము లోతులో ఈత నేర్పండి. ఆడపిల్లలకు కూడా. ఊళ్ళో దొరువులెన్ని, గుంటలెన్ని, కంచె లేనివి ఏవి అని ఒక కాగితం మీద రాసి సచివాలయంలో ఇవ్వండి.

అప్పుడు ఆ తొమ్మిదేళ్ళ పాప చంకన తమ్ముడు ఉండడు. చాప మీద అందరితో పాటు తనూ కూర్చుంటాది, తన పుస్తకం తను చదువుకుంటాది. కోతలు ఏటా వస్తాయి, ఒంటిపూట బడీ ఏటా వస్తాది. వచ్చే మార్చి నాటికి మన వీధిలో ఆ అయిదు గంటలకు ఎవురి పేరు రాసుండాదో, అది ఇప్పుడే మాట్లాడుకోవాల.